తెరచాప పడవలో డాగర్‌బోర్డు: దానిని ఎత్తుట, నిలుపుట

హుస్సేన్‌సాగరు గట్టుమీద నిలిచి చూచువారికి తెరచాపలు కనిపించును. నీటి క్రింద నున్న పలక కనిపించదు. అయినను ఆ పడవ గాలి తోసిన దిక్కునకు గాక, దానిలో కూర్చున్న పిల్లవాడు కోరిన దిక్కునకు పోవుటకు ఆ కనిపించని పలకయే ముఖ్య కారణము. దానినే పడవవారు డాగర్‌బోర్డు అందురు. ఈ సంవత్సరము మన క్రీడాసంఘము విద్యార్థులను తెరచాప పడవల శిక్షణకు పంపు విషయమును ఆలోచించుచున్నది. ఈతను గురించి, రక్షణ కవచమును గురించి అందరును అడుగుచున్నారు. పలకను గురించి అడిగినవారు లేరు. మేము తెలుగు బోధించువారమే గాని నౌకాశాస్త్రము చదివినవారము కాము. కాని గ్రంథములు చూచి, గట్టున శిక్షకులు చేయు పని పరిశీలించి, తెలిసికొన్నంత మేరకు ఇచ్చట వివరింప యత్నించుచున్నాము.

మొదట మాటను గూర్చి కొంచెము. డాగర్ అనగా బాకు. బాకు ఒరలోనికి నిలువుగా దిగినట్లు ఈ పలక పడవ నడుమ నున్న సన్నని పెట్టెలోనికి పైనుండి క్రిందికి దిగును గనుక ఆ పేరు వచ్చినది. కావున ఆ పెట్టెను మనము ‘ఒర’ అనుకొనుట సమంజసముగా నుండును. పడవ అడుగుకు చీలిక వేసినచో నీరు లోనికి రాదా యని సందేహము కలుగవచ్చును. ఆ చీలిక చుట్టును నీటిమట్టము కంటె ఎత్తుగా నాలుగు వైపుల గోడలు కట్టుటచేత నీరు ఒరలోనే నిలుచును, పడవలోనికి రాదు. ఉర్దూలో ఒరను మియాన్ అందురు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవను సామెత తెలుగునను ఉర్దూనను ఒకే రూపమున నున్నది. ఈ పడవ ఒర విషయమున ఆ సామెత అక్షరాల నిజము. పలకతో పాటు ఒక గులకరాయి చేరినను పలక పైకి రాదు, క్రిందికి పోదు. పడవల మాటలలో మన రెండు భాషలకును బంధుత్వము మిక్కుటము. తెలుగు లంగరు పారసీకము నుండి వచ్చినదే. గోదావరి పడవల సరంగు పారసీకపు సర్‌హంగ్. మనము నావ యనునది, ఉర్దూవారు నాఖుదా యనుమాటలో మొదటి భాగము, ఒకే మూలమునకు చెందినవి.

ఇక పలక యెందులకు? గాలి వెనుకనుండి వీచునపుడు పడవకు పలకతో పెద్దగా పని లేదు. గోనెపట్ట కట్టినను పడవ ముందుకు పోవును. గాలి ప్రక్కనుండి గాని, ఏటవాలుగా ఎదురునుండి గాని వీచునపుడే చిక్కు. అప్పుడు తెరచాపపై పడు బలములో కొంత పడవను ముందుకు, అధికభాగము ప్రక్కకు నెట్టును. చదునైన అడుగుగల చిన్న పడవ ప్రక్కకు జారిపోవును. నీటిలోనికి దిగిన నిలువు పలక ప్రక్కజారుటను అడ్డగించును. ముందుకు పోవుటకు మాత్రము అడ్డుపడదు, ఏలనన అది ఆ దిశకు సన్నని అంచునే చూపును. సీతాఫలపు గింజను రెండు వ్రేళ్ల నడుమ నొక్కినచో అది ముందుకు ఎగిరిపోవుట మన విద్యార్థులందరును ఎరిగినదే. ఒక వ్రేలు గాలి, రెండవ వ్రేలు నీటిలోని పలక, నడుమ గింజ పడవ. రెండవ వ్రేలు తీసివేసినచో గింజ కదలదు, ప్రక్కకు దొర్లును.

ఈ ఉపాయము నిన్న మొన్నటిది కాదు. దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ తీరమున బల్సా దుంగల తెప్పలు నడుపువారు దుంగల సందులలో గ్వారా యను పలకలను దించుచుండిరి. స్పెయిన్ దేశపు నౌకాధికారులు హోర్హె హువాన్, అంతోనియో దె ఉల్యోవా అనువారు 1748లో ప్రకటించిన తమ యాత్రాగ్రంథమున వీనిని వర్ణించిరి. చిత్రమేమనగా ఆ తెప్పలను పలకలతోనే మళ్లించుచుండిరి. ముందుభాగమున పలక దించినచో తెప్ప ముక్కు గాలివైపునకు తిరుగును. దానిని ఎత్తినచో గాలినుండి తొలగును. వెనుకభాగపు పలక దీనికి విపరీతముగా పనిచేయును. అనగా పలకను ఎంత ఎత్తవలె, ఎంత దించవలె, అచ్చట ఎట్లు నిలుపవలె అనునదే వారి నావికవిద్యలో ప్రధానభాగము. 1947లో థార్ హెయర్డాల్ కోన్-టికీ యను తెప్పపై పెరూ నుండి 101 దినములు ప్రయాణము చేసి పాలినేషియాలోని రరోయియా దిబ్బను చేరినప్పుడు ఆ తెప్పకును దుంగల సందులలో ఐదు పలకలు దించియుండిరి. అవి ఒక అంగుళము మందము, రెండడుగుల వెడల్పు కలిగి నీటిలోనికి ఐదడుగులు దిగియుండినవి. మేకులతో గాక ఆప్పులు, త్రాళ్లతో వానిని నిలిపిరి. మన తూర్పుతీరపు కట్టుమరములపై కూడ తెరచాప ఎత్తినప్పుడు ప్రక్కగా పలక దించుకొను వాడుక కలదు.

ఐరోపావారి ఓడలకు లోతైన అడుగుకమ్మి ఉండుటచే వారికి ఈ ఆలోచన ఆలస్యముగా వచ్చినది. 1774లో జాన్ షాంక్ అను బ్రిటిషు నౌకాధికారి అమెరికాలోని బోస్టనులో పైకి క్రిందికి జరుగు పలక గల పడవను కట్టించెను. ఆ పద్ధతిలో మూడు జారుడు పలకలతో కట్టిన 60 టన్నుల లేడీ నెల్సన్ అను ఓడ 1800లో ఆస్ట్రేలియాకు పోయి బాస్ జలసంధిని పడమటినుండి తూర్పునకు దాటిన మొదటి ఓడయైనది. లోతు తక్కువయైన తీరముల వెంబడి పోవుటకు పలకను ఎత్తుకొను సౌకర్యము దానికి మిక్కిలి ఉపకరించినది. 1811లో అమెరికాలోని న్యూజెర్సీకి చెందిన స్వెయిన్ సోదరులు మరియొక విధమగు పలకకు పేటెంటు పొందిరి. అది ఒరలో నిలువుగా జారదు. ఒక మూల ఇరుసుపై తిరిగి వెనుకకు మడుచుకొనును. ఈ రెంటికిని గల భేదము విద్యార్థులు బాగుగా గుర్తుంచుకొనవలెను. ఇరుసు పలక నేలకు తగిలినచో తనంత తాను వెనుకకు తిరిగి పైకి లేచును. డాగర్‌బోర్డునకు ఆ తెలివి లేదు. అది నేలకు తగిలినచో ఉన్నచోటనే నిలిచిపోవును. పడవ మాత్రము ముందుకు పోవుటకు యత్నించును. ఫలితముగా పలక అయినను విరుగును, ఒర వెనుక గోడయైనను పగులును. పలక విరిగినచో పలక కొనవచ్చును. ఒర పగిలినచో పడవ అడుగే కారును.

ఇన్ని లోపములున్నను డాగర్‌బోర్డును ఏల వాడుచున్నారు? తేలిక, చవుక, ఇరుసు లేదు, చెడుటకు యంత్రము లేదు. 1947లోనే అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమున క్లియర్‌వాటర్ పట్టణములో క్లార్క్ మిల్స్ అను పడవల శిల్పి పిల్లల కొరకు ఆప్టిమిస్టు అను పడవను రూపొందించెను. ఎనిమిదడుగుల ప్లైవుడ్ రేకుల నుండి సామాన్యులు ఇంటివద్దనే కోసి కట్టుకొనగలుగునట్లు అది 7 అడుగుల 9 అంగుళముల పొడవునకు పరిమితమైనది. నేడు పదిహేనేండ్ల లోపు పిల్లలు ప్రపంచమంతటను పందెములాడు పడవ ఇదియే. బరువు 35 కిలోలు. హుస్సేన్‌సాగరులో పిల్లలు నేర్చుకొనునదియు ఇదియే. పెద్దవారికి లేజర్ అను పడవ కలదు. బ్రూస్ కర్బీ అను కెనడా శిల్పి దీనిని కారు పైకప్పుమీద కట్టుకొని పోగలుగునట్లు భావించి గీసెను, 1971లో అది జనమునకు అందినది, పొడవు 4.2 మీటర్లు, ఒడలి బరువు 59 కిలోలు. 1996 నుండి ఒలింపిక్ క్రీడలలో నున్నది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్ క్రీడలలో మన దేశపు నేత్రా కుమనన్ ఈ జాతి పడవమీదనే పాల్గొన్నది. తెరచాప పడవల పందెములలో ఒలింపిక్ అర్హత పొందిన మొదటి భారతీయ స్త్రీ ఆమెయే. ఆప్టిమిస్టు, లేజర్ రెంటికిని ఉన్నది డాగర్‌బోర్డే.

పలకను దించు ముందు దాని అంచులను చూడవలెను. ఒక అంచు గుండ్రముగాను, ఒక అంచు పలుచగాను ఉండును. గుండ్రని అంచు ముందునకు రావలెను, పలుచనిది వెనుకకు. పక్షిరెక్క, విమానపురెక్క యును ఇట్లే యుండును. క్రొత్తగా నేర్చుకొనువారు తిరుగవేసి దించుట తరచుగా జరుగును. పడవ పోవును గాని చెడ్డగా పోవును. కారణము తెలియక తెరచాపను నిందింతురు.

ఎంత దించవలెనను ప్రశ్నకు జవాబు గాలి దిక్కును బట్టి యుండును. ఎదురుగాలికి ఏటవాలుగా పోవునపుడు పలక పూర్తిగా క్రిందనుండవలెను. గాలి మిక్కిలి బలముగా నుండి, పిల్లవాడు తేలికగా నుండి, పడవ మరీ ఒరుగుచున్నచో కొన్ని అంగుళములు పైకెత్తుట కలదు. అప్పుడు పడవ కొంచెము ప్రక్కకు జారినను ఒరుగుట తగ్గును. గాలి సరిగా ప్రక్కనుండి వచ్చునపుడు ఇంచుమించు సగము ఎత్తుదురు. వెనుకగాలిలో మూడువంతులు ఎత్తుదురు. నీటి ఒరపిడి తగ్గి వేగము పెరుగును. పూర్తిగా పెరికివేయుట మాత్రము మంచిది కాదు. వెనుకగాలిలో పడవ ఈ ప్రక్కకు ఆ ప్రక్కకు ఊగును. నీటిలో మిగిలిన కొద్దిపాటి పలకయే ఆ ఊపును అణచును.

ఇచ్చట ఒక అపాయము కలదు. తెరచాప అడుగున బూమ్ అను అడ్డకొయ్య యుండును. వెనుకగాలిలో దిక్కు మార్చునపుడు ఆ కొయ్య ఒక ప్రక్కనుండి రెండవ ప్రక్కకు విసురుగా తిరుగును. ఎత్తిన పలక తల ఆ దారిలో నిలిచియున్నచో కొయ్యగాని, దానిని క్రిందికి పట్టియుంచు త్రాడుగాని పలకకు తగులుకొనును. పడవ సగము తిరిగి ఆగును. తరువాత జరుగునది ఒరిగి పడుటయే. కనుక తిరుగుటకు ముందు చేయి చాచి పలకను కొంచెము దించి, తల వంచి, అటుపిమ్మట తిరుగవలెను.

పలకను ఎత్తుటకు బలము కంటె సమయము ముఖ్యము. ఏటవాలుగా పోవుచున్న పడవలో నీటి ఒత్తిడి పలకను ఒర గోడకు అదిమిపట్టును. అప్పుడు పదిమంది లాగినను కదలనట్లుండును. తెరచాప త్రాడును సడలించినచో, లేదా పడవ ముక్కును ఒక్కక్షణము గాలికెదురుగా త్రిప్పినచో ఒత్తిడి పోవును. రెండు వ్రేళ్లతో లేచును. ఇది తెలియని విద్యార్థి లేచి నిలిచి రెండు చేతులతో లాగును, పలక ఒక్కసారిగా ఊడి వచ్చును, అతడు వెల్లకిల పడును. కూర్చుండియే లాగవలెను. ఒర నోటిలో వ్రేళ్లు పెట్టరాదు.

ఇప్పుడు నిలుపు సంగతి. మా దృష్టిలో ఈ వ్యాసమున ముఖ్యమైనది ఇదే. తక్కిన భాగము మరచినను దీనిని మరువరాదు.

పలక తలవద్ద రెండు ప్రక్కల చిన్న దిమ్మలు గాని, వెడల్పైన పట్టు గాని యుండును. పలక ఒరలోనుండి క్రిందికి జారి నీటిలో పడిపోకుండ ఇవి ఆపును. ఇది చూచి పలక భద్రముగా నున్నదని అనుకొందురు. కాని ఆ దిమ్మలు ఆపునది ఒక దిశనే. పలక పైకి పోకుండ ఆపునది ఏదియు ఒరలో లేదు. పడవ నిలువుగా నున్నంతసేపు దాని అవసరమును తోచదు, ఏ వస్తువును తనంత తాను పైకి పోదు గదా! పడవ బోర్ల పడినప్పుడు పైది క్రిందగును. అంతవరకు దిమ్మల బలమున నిలిచిన పలక ఒరలో వెనుకకు జారి నీటిలోనికి దిగిపోవును; విడివడి తేలి దూరముగా పోవుటయు కలదు.

పోయిన దేమి, ఒక పలకయే గదా యని అనరాదు. ఒరిగిన పడవను తిరిగి నిలబెట్టుటకు మనకున్న మీటకొయ్య ఆ పలకయే. పడవ ప్రక్కకు పడినపుడు పలక నీటిపై అడ్డముగా చాచిన చేయివలె నుండును. విద్యార్థి ఈదుకొని దానిని చేరి, రెండు చేతులతో పట్టి వ్రేలాడి, లేక దానిపైకెక్కి నిలిచి, పడవ అంచు పట్టుకొని వెనుకకు వ్రాలినచో తెరచాప నీటినుండి లేచును. 50 కిలోల బరువుగల బాలుడు పడవ అడుగునుండి 20 సెంటీమీటర్ల దూరమున నిలిచినప్పటి కంటె 60 సెంటీమీటర్ల దూరమున నిలిచినచో మూడురెట్లు త్రిప్పుబలము కలుగును. పలకపై వంపు కూడ మూడురెట్లే గనుక బరువైనవారు మొదట ఒడలి ప్రక్కన అడుగుపెట్టి, పడవ కదలనప్పుడే కొనవైపు జరుగవలెను. పూర్తిగా బోర్ల పడినపుడు పలక తాబేటివీపుపై కత్తివలె పైకి నిలిచియుండవలెను. దానిని పట్టి లాగియే పడవను మొదట ప్రక్కకు, అటుపిమ్మట నిలువునకు తేవలెను. అది జారిపోయినచో ఆ నున్నని వీపుమీద పట్టుకొనుటకేమియు లేదు. పడవ క్రిందికి మునిగి పలకను పైకి నెట్టవలసియుండును. రక్షణ కవచము తొడిగిన పిల్లవానికి మునుగుట కష్టము. కవచము తీసివేయుట అంతకంటె ప్రమాదము. కాబట్టి పలకను నిలుపు చిన్న త్రాడు కవచముతో సమానమైన రక్షణ వస్తువు. దీనిని సంఘమువారు ప్రత్యేకముగా గమనింపవలెనని మా మనవి.

నిలుపుటకు చిన్న పడవలలో మూడు ఏర్పాట్లు కలిసి పనిచేయును. మొదటిది ఒరపిడి. ఒర నోటివద్ద రబ్బరుముక్క గాని, తివాచీ పట్టీ గాని అతికించి పలకను కొంచెము బిగువుగా నుంచుదురు. బిగువు ఎంతయనగా పలక తన బరువునకు జారరాదు, చేతితో లాగిన రావలెను. రెండవది రబ్బరుత్రాడు. ఆప్టిమిస్టులో ఒరకు అడ్డముగా ప్రక్కనుండి ప్రక్కకు దీనిని కట్టి పలకను ఒక గోడకు ఒత్తిపట్టునట్లు చేయుదురు. సగము ఎత్తినను, పూర్తిగా ఎత్తినను ఆ ఎత్తుననే నిలుచును. లేజరులో పలక తలనుండి పడవ ముక్కునందలి కొక్కెమునకు రబ్బరుత్రాడు సాగదీసి తగిలింతురు. మూడవది కాపుత్రాడు. ఇది సాగనిది. పలక తలలోని రంధ్రమునుండి పడవలోని గట్టి ఆధారమునకు కట్టవలెను. రబ్బరు తెగినను పలక పడవను విడిచి పోకుండ ఇది కాపాడును. దీని పొడవు విషయమున శ్రద్ధ కావలెను. పలకను గట్టు చేరునపుడు కావలసినంత ఎత్తుటకు చాలవలెను.  దీనికి జారుముడి పనికిరాదు. బిగిసినను జారనట్టియు, పని తీరిన పిదప తడిసియున్నను వ్రేళ్లతో విప్పగలిగినట్టియు ముడి వేయవలెను. బోలైన్ అను ముడిని శిక్షకులు మొదటిదినముననే నేర్పుదురు.

ఇంతకంటె పెద్ద పడవల సంగతి వేరు. అమెరికా, ఆస్ట్రేలియా, ఐరోపా దేశములలో చిన్న గది గల తెరచాప పడవలను ట్రైలరుపై నుంచి కారు వెనుక కట్టి చెరువునుండి చెరువునకు కొనిపోవుట వాడుక. వీనిలో కొన్నింటికి డాగర్‌బోర్డే యున్నను అది చెక్కపలక కాదు; ఇనుము గాని, సీసము నింపినది గాని యగును. పడవను ఒరగకుండ నిలుపు బరువును అదియే మోయును. దానిని చేతితో ఎత్తలేరు. కప్పీలు గాని, పళ్లచక్రము గల చేతిమర గాని వాడుదురు. పలక 60 కిలోలున్నదనుకొనుడు. నాలుగు పేటల కప్పీకట్టుతో లాగినచో 15 కిలోల బలము చాలును, ఒరపిడికి కొంత అదనము. అయితే పలక ఒక అడుగు లేచుటకు నాలుగడుగుల త్రాడు లాగవలెను. భౌతికశాస్త్ర విద్యార్థులకు ఇది పరీక్షలో వచ్చు లెక్కయే.

ఈ బరువు పలకకు త్రాడొక్కటే ఆధారముగా నుంచరాదు. ఎత్తిన పిదప ఒర గోడలను, పలకను దాటునట్లు ఉక్కుచీల దూర్చవలెను; త్రాడు తెగినను చీల మోయును. దించిన పిదప కూడ చీల గాని, క్రిందికి పట్టు త్రాడు గాని యుండవలెను. కారణము పైన చెప్పినదే, మరింత తీవ్రముగా. పడవ మిక్కిలి ఒరిగి తలక్రిందైనప్పుడు నిలుపని బరువుపలక తన బరువుచేతనే ఒరలో వెనుకకు దూసుకొని వచ్చును. పడవను తిరిగి లేపవలసిన బరువు పడవ పొట్టలోనికి చేరిపోవును. రోడ్డుమీద మరియొక జాగ్రత్త. ట్రైలరు ప్రతి గుంటలో ఎగిరిపడునపుడు వ్రేలాడు పలక త్రాడును తన బరువునకు అనేకరెట్లు గుంజును. అందుచే పడవ ట్రైలరుపైకి ఎక్కిన పిదప పలకను కొంచెము దించి అడ్డముగా పెట్టిన కొయ్యదిమ్మపై ఆన్చి, బరువు దిమ్మకు అప్పగించి, చీల దూర్చి బయలుదేరుదురు. మరల నీటిలోనికి దించు ముందు చీల తీసినదా లేదా యని గాక, పలక పూర్తిగా ఎత్తియున్నదా యని చూడవలెను. ఎత్తనిచో ట్రైలరు కమ్మికి తగులుకొని పడవ దిగదు.

మన విద్యార్థుల పడవలకు ఈ బెడద లేదు గాని గట్టుకు వచ్చుటలో వారికొక చిక్కు కలదు. గాలి నీటివైపునుండి గట్టువైపునకు వీచునపుడు పలకను ముందుగనే ఎత్తివేయవచ్చును, గాలియే ఒడ్డు చేర్చును. వేగము తగ్గించుకొనుటే పని. గాలి గట్టునుండి నీటివైపునకు వీచుచున్నచో గట్టుకు ఎదురుగాలిలోనే రావలెను. ఎదురుగాలికి పలక కావలెను. లోతు లేనిచోట పలక ఉండరాదు. రెండును ఒకేసారి కుదరవు. అనుభవజ్ఞులు పలకను ఒక్కసారిగా ఎత్తరు. మూడవవంతు ఎత్తి కొంత, సగము ఎత్తి కొంత, అట్లు అట్లు వచ్చి, నడుములోతు నీటిలో దిగి, పలకను చేత పట్టి, పడవను నడిపించుకొని వత్తురు. చుక్కానిని కూడ అప్పుడే ఎత్తవలెను. బయలుదేరునపుడు క్రమము తలక్రిందుగా జరుగును. గట్టునందే పలకను ఒరలో దించరాదు. ఇసుకలో కూరుకొని గులక ఎక్కును. కాపుత్రాడు మాత్రము గట్టుననే కట్టి, పలకను పడవలో పరుండబెట్టి, నీరు చాలినంత వచ్చిన పిదప సగము దించి, లోతు చేరినప్పుడు పూర్తిగా దించవలెను.

పని ముగిసిన తరువాత పలకను మంచినీటితో కడిగి, ఆరవేసి, బల్లపరుపుగా పరుండబెట్టవలెను. గోడకు చేరవేసి ఎండలో నుంచినచో నెలలోపలనే వంగును. వంగినపలక ఒరలో ఒకచోట బిగియును, ఒకచోట వదులగును. అంచులకు పాత కంబళి సంచి తొడుగుట మంచిది. రబ్బరుత్రాడు మన ఎండలకు త్వరగా చచ్చును; పైపూత బాగుగనే కనిపించును, లోని రబ్బరుపోగులు తెగియుండును. సాగదీసి వదలినపుడు చటుక్కున ముడుచుకొనని త్రాడును తీసివేయవలెను.

దీనిని పరీక్షించుటకు నీరు కూడ అక్కరలేదు. తెరచాప కొయ్య ఎక్కించక మునుపే ఆప్టిమిస్టును పచ్చికపై ఇద్దరు విద్యార్థులు ప్రక్కకు ఒరిగించి, పలకను దాని స్థానమున దూర్చి, రబ్బరుత్రాడు తగిలించి, నెమ్మదిగా పడవను బోర్లింప యత్నింపవలెను. తలక్రిందైనప్పుడు పలక వ్రేలెడైనను జారక నిలిచినచో ఆ పడవ ఆనాటికి నీటికి పోవచ్చును. జారినచో త్రాడు మార్చి మరల చూడవలెను. శిక్షణకు పోవు ప్రతి పడవకును రెండు రబ్బరుత్రాళ్లు, ఒక కాపుత్రాడు అదనముగా సంచిలో నుండునట్లు సంఘమువారు ఏర్పాటు చేసినచో చాలును. వాని వెల ఒక్క కవచపు వెలలో స్వల్పభాగము మాత్రమే.